నవంబర్ చివరి వారాల్లో యూరప్: మొదటి ప్రయాణానికి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి

దసరా, దీపావళి వెళ్లాక నవంబర్‌లో యూరప్ చూసిరావాలనుకునే తెలుగు కుటుంబాలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: చలికి తట్టుకోగలమా, వీసాకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి, పది రోజుల్లో ఎన్ని దేశాలు చూడవచ్చు. ఈ మూడింటికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఆ రోజుల్లో అక్కడ పగలు ఎంతసేపు ఉంటుందన్నదే ఆ విషయం. నవంబర్ మధ్యలో హైదరాబాద్‌లో పగలు పదకొండు గంటలకు పైగా ఉంటే వియన్నాలో తొమ్మిది గంటలే ఉంటుంది. నెలాఖరుకు అది 8 గంటల 40 నిమిషాలకు తగ్గుతుంది. సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడుతుంది. చలికి దుస్తులు కొనుక్కోవచ్చు గాని వెలుతురును కొనుక్కోలేము. అందువల్ల ఈ ఏర్పాట్లన్నీ పగటి గంటల లెక్క మీదనే నడుస్తాయి.

ఉదాహరణగా బుడాపెస్ట్ (హంగరీ), వియన్నా (ఆస్ట్రియా), ప్రాగ్ (చెక్ దేశం) నగరాలను తీసుకున్నాను. నవంబర్ చివరి పది రోజులకు ఈ మూడూ బాగా కుదురుతాయి. పారిస్, రోమ్, స్విట్జర్లాండ్ కోరుకునేవారికి మార్పులు 2వ మెట్టులో ఉన్నాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- పాస్‌పోర్టు. షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల) నుంచి తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కనీసం 3 నెలల గడువు, కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలి. గత 10 ఏళ్లలోపు జారీ అయినదై ఉండాలి.
- 35 × 45 మిల్లీమీటర్ల ఫోటోలు. పాత ఫోటోలు వద్దు, ఇటీవల తీయించుకున్నవే కావాలి.
- కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా. అనారోగ్యంతో స్వదేశానికి తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి, షెంగెన్ దేశాలన్నింటికీ చెల్లాలి.
- బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, జీతం స్లిప్పులు, ఆఫీసు ఇచ్చే సెలవు పత్రం. వ్యాపారస్తులకు సంస్థ రిజిస్ట్రేషన్ పత్రాలు, పదవీ విరమణ చేసినవారికి పెన్షన్ పత్రాలు.
- విమాన, హోటల్ బుకింగులు, రోజువారీ ప్రయాణ వివరం, కవరింగ్ లెటర్.
- విదేశీ లావాదేవీలకు అనుమతి ఉన్న రెండు వేర్వేరు కార్డులు.

1. తేదీలు నిర్ణయించుకోండి

క్యాలెండర్ ముందు పెట్టుకుని మూడు విషయాలు గుర్తించండి. మొదటిది, అక్టోబర్ చివరి ఆదివారం అక్కడి గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత మధ్య యూరప్‌కూ మనకూ మధ్య తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర గంటలకు పెరుగుతుంది. రెండోది, నవంబర్ 1 ఆస్ట్రియా, హంగరీ, ఫ్రాన్స్, ఇటలీ వంటి అనేక దేశాల్లో సెలవు; నవంబర్ 11 ఫ్రాన్స్, బెల్జియంలలో సెలవు. మూడోది, క్రిస్మస్ సంతలు మొదలయ్యే రోజులు. వియన్నా నగరపాలక భవనం ఎదుటి పెద్ద సంతా, బుడాపెస్ట్ వరోష్‌మార్తి చౌరస్తాలోని సంతా నవంబర్ మధ్యలో తెరుచుకుంటాయి. ప్రాగ్ పాతపట్నం చౌరస్తాలోని సంత మాత్రం సాధారణంగా నెలాఖరు శనివారానికి గాని మొదలవదు.

ఈ మూడో విషయం మీదనే నగరాల వరుస ఆధారపడుతుంది. నవంబర్ 20 ప్రాంతంలో బుడాపెస్ట్‌లో దిగి, అక్కడి నుంచి వియన్నాకు, చివరగా ప్రాగ్‌కు చేరితే మూడు నగరాల సంతలూ చూడగలుగుతారు. ఇదే ప్రయాణాన్ని ప్రాగ్ నుంచి మొదలుపెడితే అక్కడ ఇంకా దుకాణాల చట్రాలు బిగిస్తూ ఉంటారు. ఏ సంత ఏ రోజున తెరుస్తున్నదీ ఆయా నగరాల పర్యాటక శాఖల వెబ్‌సైట్లలో చూసుకున్నాకే టికెట్లు కొనండి.

2. నగరాలను తగ్గించుకోండి

పది రాత్రులకు మూడు నగరాలు చాలు: బుడాపెస్ట్‌లో మూడు, వియన్నాలో నాలుగు, ప్రాగ్‌లో మూడు. మొదటిసారి వెళ్లేవారు ఎక్కువగా చేసే పొరపాటు పది రోజుల్లో ఆరేడు నగరాలు పెట్టుకోవడమే. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి అలాంటి ప్రణాళిక ఎలాగో గట్టెక్కుతుంది. నవంబర్‌లో మాత్రం ఒక నగరం నుంచి మరో నగరానికి పగటిపూట మారిన ప్రతిసారీ ఆ రోజు వెలుతురులో పెద్ద భాగం రైల్లోనే గడిచిపోతుంది.

ఈ కాలంలో ఏవి మూసి ఉంటాయో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. ఆస్ట్రియాలో వాఖావ్ లోయ మీదుగా డాన్యూబ్ నదిపై తిరిగే పడవలు అక్టోబర్ చివరికల్లా ఆగిపోతాయి. ప్రాగ్ వెలుపల చెక్ దేశపు కోటలు, భవంతులు చాలావరకు నవంబర్ నుంచి మార్చి దాకా తెరవరు. ప్రాగ్ కోట ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, కాని చలికాలపు వేళల్లో లోపలి చారిత్రక భవనాలను సాయంత్రం 4 గంటలకే మూసేస్తారు, తోటలను అసలు తెరవరు. వేసవిలో వెళ్లివచ్చిన బంధువుల ప్రయాణ పట్టికను యథాతథంగా తీసుకుంటే ఇక్కడే దెబ్బతింటారు.

వేరే నగరాలు ఎంచుకునేవారు ఇవి గమనించండి:

- పారిస్: నవంబర్‌లో వెళ్లదగిన నగరమే. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం, వెర్సాయ్ భవనానికి సోమవారం సెలవు. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా ఉంటుంది కాబట్టి దానిని చీకటి పడ్డాక చూసి, పగటి వెలుతురును వీధులకు వాడుకోవచ్చు.
- రోమ్: మిగతావాటికన్నా వెచ్చన, పగలు 16, 17 డిగ్రీల దాకా ఉంటుంది, కాని వానలు ఎక్కువ. చలి పడని పెద్దలు తోడుంటే నేను రోమ్‌నే సూచిస్తాను.
- వెనిస్: అక్టోబర్ నుంచి జనవరి దాకా సముద్రపు పోటు వల్ల వీధుల్లోకి నీరు వచ్చే కాలం. 2020 నుంచి 'మోసే' అనే పేరుగల ఆనకట్టలు పెద్ద పోటును అడ్డుకుంటున్నాయి. అయినా తక్కువ ఎత్తున ఉన్న చోట్ల కొంత నీరు చేరవచ్చు.
- స్విట్జర్లాండ్: మొదటి ప్రయాణానికి నవంబర్‌లో దీనిని ప్రధాన గమ్యంగా పెట్టుకోవద్దని నా సలహా. వేసవి నడకల కాలం ముగిసి, మంచు ఆటల కాలం మొదలుకాని రోజులవి. కొండల మీది రోప్‌వేలు చాలావరకు మరమ్మతుల కోసం ఆగిపోతాయి. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు రైళ్లు ఏడాది పొడవునా నడుస్తాయి గాని, మబ్బు కమ్మిన రోజున పైకి వెళ్తే డబ్బు పోవడమే తప్ప కనిపించేది ఉండదు.

3. వీసాకు దరఖాస్తు చేయండి

ఒక్క షెంగెన్ వీసాతో 29 దేశాల్లో తిరగవచ్చు. ఏ 180 రోజుల వ్యవధిని తీసుకున్నా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. లండన్‌ను కూడా కలుపుకోవాలంటే దాని వీసా వేరు.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది మీ ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. మన ఉదాహరణలో వియన్నాలో నాలుగు రాత్రులు కాబట్టి ఆస్ట్రియాకు. ఫలానా దేశం వీసా సులువుగా ఇస్తుందని విని దానికి దరఖాస్తు చేసి, హోటల్ బుకింగులు మరో దేశంలో ఎక్కువగా చూపిస్తే దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా దరఖాస్తు ఇవ్వవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అవసరమైతే 45 రోజుల దాకా పొడిగిస్తారు. నవంబర్ 20న బయలుదేరేవారు ఆగస్టులోనే అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఆలస్యమయ్యేది చాలాసార్లు నిర్ణయం దగ్గర కాదు, స్లాట్ దొరకడం దగ్గర. హైదరాబాద్‌లో చాలా దేశాల దరఖాస్తు కేంద్రాలున్నాయి. వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్లలోపువారికి లేదు. కేంద్రం తీసుకునే సేవా రుసుము దీనికి అదనం. 12 ఏళ్లు నిండినవారు వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి స్వయంగా వెళ్లక తప్పదు.

పత్రాల్లో తరచూ కనిపించే పొరపాట్లు ఇవి.

దరఖాస్తుకు ముందు వారంలో బంధువుల దగ్గర తెచ్చి లక్షలు ఖాతాలో వేయడం మేలు చేయకపోగా అనుమానానికి తావిస్తుంది. నెలనెలా జీతం పడి, ఖర్చులు పోను నిలకడగా మిగులు కనిపించే ఖాతాకే విలువ ఎక్కువ. పిల్లలో తల్లిదండ్రులో ఖర్చు భరిస్తుంటే ఆ సంగతి రాసిన లేఖ, వారి ఖాతా వివరాలు, బంధుత్వాన్ని చూపే పత్రం జతచేయండి. ఏదైనా పెద్ద మొత్తం నిజంగానే వచ్చి ఉంటే, ఉదాహరణకు స్థలం అమ్మినదైతే, దాని పత్రాన్ని కూడా పెట్టి కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాయండి.

మన పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి ధ్రువపత్రంలో పొడి అక్షరాలుంటాయి, ఆధార్‌లో ఒక వరుస, పాస్‌పోర్టులో మరొక వరుస ఉంటుంది. దరఖాస్తు, విమాన టికెట్, బీమా, ఈ మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అదే ఇంటిపేరుగా, పేరు గడిలో ఉన్నదే పేరుగా ఒక్క అక్షరం తేడా లేకుండా రాయాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినా పాస్‌పోర్టులో మారకపోతే పాతదే రాయండి.

వీసా రాకముందే రద్దు చేసుకోలేని విమాన టికెట్లు కొనకండి. రద్దు చేసుకునే వీలున్న టికెట్ గాని, విమాన సంస్థ ఇచ్చే తాత్కాలిక రిజర్వేషన్ గాని తీసుకోండి. నకిలీ బుకింగు కాగితాలు అమ్మే ఏజెంట్ల జోలికి పోవద్దు. కాన్సులేటు సరిచూసినప్పుడు ఆ బుకింగు లేకపోతే ఆ మచ్చ తర్వాతి దరఖాస్తుల మీద కూడా పడుతుంది.

*సరిచూసుకోవడం:* పాస్‌పోర్టు చేతికి రాగానే వీసా మీద నాలుగు విషయాలు చదవండి: పేరు, చెల్లుబాటు తేదీలు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు, ఎన్ని రోజులు ఉండవచ్చు. చెల్లుబాటు తేదీల మధ్య 25 రోజులున్నా, ఉండగలిగే రోజులు 12 అని ఉంటే 12 రోజులే ఉండాలి. ఇదే అందరూ తికమకపడే చోటు. తప్పు కనిపిస్తే అదే రోజు దరఖాస్తు కేంద్రానికి తెలియజేయండి.

4. విమానం, రైళ్లు బుక్ చేయండి

వెళ్లేటప్పుడు బుడాపెస్ట్‌కు, తిరిగి వచ్చేటప్పుడు ప్రాగ్ నుంచి ఉండేలా ఒకే బుకింగులో టికెట్లు తీసుకోండి. వెళ్లినచోటి నుంచే తిరిగి రావాలని పట్టుబడితే ఒక రోజు పూర్తిగా వెనక్కి వెళ్లడానికే పోతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా విమానం ఉంది. గల్ఫ్ నగరాల మీదుగా ఇంకా అనేక దారులున్నాయి.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ తనిఖీ బుడాపెస్ట్‌లో ఉండదు, మొదట దిగే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త ప్రవేశ నమోదు విధానంలో పాస్‌పోర్టు మీద ముద్ర వేయడానికి బదులు మొదటిసారి వచ్చేవారి ముఖచిత్రం తీసుకుని నమోదు చేస్తారు. వరుసలు పొడవుగా ఉండవచ్చు కనుక రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

బుడాపెస్ట్ నుంచి వియన్నాకు రైల్లో సుమారు 2 గంటల 40 నిమిషాలు, వియన్నా నుంచి ప్రాగ్‌కు సుమారు 4 గంటలు. ఈ రైళ్లను చీకటి పడ్డాక బయలుదేరేలా ఎంచుకోండి. సాయంత్రం నాలుగున్నరకు వియన్నాలో ఎక్కితే పగలంతా వియన్నాకు దక్కుతుంది, రాత్రి భోజనానికి ప్రాగ్ చేరుకుంటారు. చంటిపిల్లలు, పెద్దవారు ఉంటే మధ్యాహ్నం రైలు మేలు. ఆస్ట్రియా రైల్వే తగ్గింపు టికెట్లు ముందుగా కొంటే చాలా చౌక, కాని వాటిని ఆ రైలుకే వాడాలి, సాధారణంగా డబ్బు తిరిగి ఇవ్వరు. అక్కడ కూలీలు దొరకరు. ఎవరి పెట్టె వారే మెట్లెక్కించుకోవాలి కాబట్టి ఒక్కొక్కరికి ఒక మధ్యస్థ పెట్టె, ఒక భుజం సంచి మించకుండా చూసుకోండి.

5. రోజును మూడు భాగాలుగా పంచుకోండి

ఈ మెట్టు మీద ఒక సాయంత్రం పూర్తిగా కూర్చోండి. ప్రతి నగరానికీ సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు ఫోన్‌లో చూసి రాసుకోండి. నవంబర్ చివరి వారంలో ప్రాగ్‌లో ఉదయం ఏడున్నర ప్రాంతంలో తెల్లవారి, సాయంత్రం 4 తర్వాత కాసేపటికే సూర్యుడు అస్తమిస్తాడు. బుడాపెస్ట్‌లో ఈ రెండూ ఇంకొంచెం ముందే జరుగుతాయి.

ఉదయం నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆరుబయట చూడవలసినవి పెట్టుకోండి: వంతెనలు, కొండ మీది కోటలు, పాత వీధులు, నది ఒడ్డు. రెండు నుంచి ఆరు దాకా లోపల చూసేవి: మ్యూజియంలు, భవనాలు, చర్చిలు. ఆరు తర్వాత సంతలు, సంగీతం, భోజనం. నాలుగున్నర గంటల కాలభేదం ఇక్కడ మీకు కలిసివస్తుంది. మొదటి రోజుల్లో ఎలాగూ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది కనుక, మధ్యాహ్నానికి కిటకిటలాడే బుడాపెస్ట్ మత్స్యకారుల బురుజును తెల్లవారగానే ప్రశాంతంగా చూడవచ్చు.

వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనం వారంలో అన్ని రోజులూ తెరిచి ఉంటుంది. ఆల్బెర్టీనా మ్యూజియం బుధ, శుక్రవారాల్లోనూ, కున్స్ట్‌హిస్టారిషెస్ మ్యూజియం గురువారంనాడూ రాత్రి 9 దాకా ఉంటాయి కాబట్టి వాటిని ఆ సాయంత్రాలకే కేటాయించండి. వియన్నా స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. బుడాపెస్ట్ పార్లమెంటు లోపలికి వెళ్లడానికి వేళ ముందే బుక్ చేయాలి. అక్కడి సేచెని స్నానశాలలో చుట్టూ చలిగాలి వీస్తుండగా ఆరుబయట వేడినీటి కొలనులో కూర్చోవడం ఈ కాలానికే ప్రత్యేకం. ఈత దుస్తులు, చెప్పులు, తువ్వాలు వెంట ఉంచుకోండి, పిల్లల వయసుకు సంబంధించిన నిబంధన ముందే చూసుకోండి.

*సరిచూసుకోవడం:* పట్టికలో మధ్యాహ్నం మూడు తర్వాత ఆరుబయట చూసేది ఏదైనా మిగిలి ఉంటే దానిని మరో ఉదయానికి మార్చండి. ప్రతి మ్యూజియం పక్కన దాని వారపు సెలవు రాయండి. ఆదివారం వియన్నాలో దుకాణాలు, సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. పాలు, పండ్లు, రొట్టెలు శనివారమే తెచ్చిపెట్టుకోండి.

6. దుస్తులు, మందులు, తిండి

పగలు 5 నుంచి 8 డిగ్రీలు, రాత్రి సున్నాకు అటూ ఇటూ ఉంటుందని లెక్కవేసుకోండి. ఒక్క బరువైన కోటు మీద ఆధారపడటం తప్పు. బయట వణికించే చలి, హోటల్లో, రైల్లో, మ్యూజియంలో వెచ్చటి హీటర్లు ఉంటాయి కాబట్టి విప్పడానికీ వేసుకోవడానికీ వీలైన మూడు పొరలు కావాలి: ఒంటికి అంటుకునే థర్మల్స్, మీద ఉన్ని స్వెట్టర్ గాని ఫ్లీస్ గాని, ఆపై గాలినీ వాననూ ఆపే జాకెట్. చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు, మఫ్లర్ తప్పనిసరి. కొత్త బూట్లు వాన నీరు పీల్చనివై ఉండాలి, ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచే వేసుకుని నడవాలి. రాతి పలకల వీధుల్లో రోజూ మైళ్ల కొద్దీ నడుస్తారు. నూలు సాక్సు తడిస్తే ఆరదు, ఉన్నివి తీసుకోండి. కొబ్బరినూనె అక్కడ గడ్డకట్టి సీసాలోంచి రాదు. చర్మం పగలకుండా వాజెలిన్, పెదవులకు బామ్ ఉంచుకోండి.

రోజూ వాడే బీపీ, షుగర్ మందులు ప్రయాణపు రోజులకన్నా ఒక వారం ఎక్కువగా, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి. చీటీలో మందు అసలు పేరు కూడా రాయించుకోండి, ఎందుకంటే మన కంపెనీల పేర్లు అక్కడి మందుల దుకాణాల్లో తెలియవు.

తిండి విషయంలో ఒక గట్టి హెచ్చరిక. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తీసుకురాకూడదు. అంటే కోడి పచ్చడి, మటన్ గోంగూర, నెయ్యి, నేతి మిఠాయిలు, పాలకోవా ఏవీ పెట్టెలో ఉండకూడదు. పచ్చి కరివేపాకు, మునక్కాయల వంటివి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తీసుకువెళ్లరాదు. ఆవకాయ, కందిపొడి, వేయించిన అటుకులు, ఉప్మా పొట్లాలు తీసుకువెళ్లవచ్చు. నూనె ఉన్న పచ్చళ్లు బిగించి కట్టి చెక్-ఇన్ లగేజీలోనే వేయండి.

7. డబ్బు

ఆస్ట్రియాలో యూరో, హంగరీలో ఫోరింట్, చెక్ దేశంలో కొరునా నడుస్తాయి. ఫారెక్స్ కార్డులో యూరోలు వేసుకుని, రెండో కార్డును వేరే సంచిలో ఉంచండి. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు బయలుదేరే ముందే తెరిచి పెట్టాలి. ఓటీపీలు వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి. కార్డు యంత్రం 'రూపాయల్లో చెల్లిస్తారా' అని అడిగితే వద్దని, ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి, రూపాయల లెక్కలో మారకపు రేటు ఎక్కువ పడుతుంది. చిల్లర ఖర్చులకు కొంత నగదు ఏటీఎంలోనే తీసుకోండి. ప్రాగ్‌లో వీధిలో పిలిచి డబ్బు మారుస్తామనేవారికి దూరంగా ఉండండి. మారకపు దుకాణంలో రేటు అన్యాయమనిపిస్తే 1,000 యూరోలకు మించని మారకాన్ని 3 గంటలలోపు రద్దు చేసుకునే హక్కు చెక్ చట్టం ఇస్తుంది, రసీదు దాచుకోండి.

వియన్నా మెట్రోలో గేట్లు ఉండవు గాని తనిఖీలు ఉంటాయి. టికెట్ కొనడం ఒక్కటే చాలదు, దాని మీద ముద్ర లేకపోతే యంత్రంలో పెట్టి వేయించుకోవాలి. జేబులో టికెట్ ఉండి కూడా జరిమానా కట్టే మనవారు ఇక్కడే కనిపిస్తారు.

8. బయలుదేరే ముందు రాత్రి

పాస్‌పోర్టు, వీసా, బీమా, హోటల్ బుకింగుల కాపీలు ఒకటి కాగితం మీద, ఒకటి ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ఉన్నవారి దగ్గర ఉండాలి. ఇమిగ్రేషన్ అధికారి ఎక్కడ ఉంటారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు అని అడిగితే జవాబుతోపాటు చూపించే కాగితాలు చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. అత్యవసర సహాయానికి యూరప్ అంతటా 112కు ఫోన్ చేయాలని ఇంటిల్లిపాదికీ చెప్పండి. మొదటి రాత్రి హోటల్ చిరునామాను కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి.

తిరిగి వచ్చాక బోర్డింగ్ పాసులు, వీసా ఉన్న పాస్‌పోర్టు కాపీ దాచుకోండి. 2024 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం, మూడేళ్లలోపు రెండు షెంగెన్ వీసాలు పొంది సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్లపాటు చెల్లే, పలుమార్లు వెళ్లిరాగల వీసా ఇవ్వవచ్చు. ప్యాకేజీ టూర్‌లో వెళ్లి ఉంటే ట్రావెల్ సంస్థ వసూలు చేసిన టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) మొత్తం మీ పాన్ మీద నమోదైందో లేదో చూసి, ఐటీ రిటర్నులో దానిని సర్దుబాటు చేసుకోండి.